అత్తమ్మతో ఆ ముచ్చట ఎట్ల ఎత్తాలె?

పరకాల దిక్కు ఆశా కార్యకర్తగా తిరుగుతున్న. కోడళ్లు నన్ను ఎక్కువగ అడిగేది ఇదే: "అక్కా, అత్తమ్మకు ఆడోళ్ల బాధ ఏదో ఉన్నది, చెప్తలేదు. ఎట్ల అడగాలె?"

"ఏమన్న బాధున్నదా" అని మాత్రం అడగకుండ్రి. "ఏం లేదు బిడ్డా" అంటది, ముచ్చట అక్కడికే బందు. పని మీదికెళ్లి రావాలె. గట్టు మీద ఇద్దరే కూసున్నప్పుడు, "బిందె ఎత్తితే కింద బరువైతదా? దగ్గితే చీరె తడుస్తదా?" అనుండ్రి. గర్భసంచి జారినా గుడ్డ మడతపెట్టి కట్టుకొని ఏండ్లకేండ్లు పత్తి ఏరేటోళ్లున్నరు.

ఆమె మీద కోపం చేయకుండ్రి. ముట్టయితే చాప, చెంబు వేరుపెట్టి బయట కూసోబెట్టిన ఇంట్ల పెరిగింది. తెల్లబట్ట గురించి నోరెట్ల లేస్తది? సదువుకున్నోళ్లేం తక్కువ తినలే. పాత గ్రీసు వైద్యులు గర్భసంచి ఒంట్ల తిరుగుతదనుకొని, దాన్ని కిందికి రప్పియ్యనీకి ముక్కు కాడ కంపు, కింద మంచి వాసనల పొగ పెట్టేటోళ్లు. గర్భసంచి పేరు మీదికెళ్లే వచ్చిన 'హిస్టీరియా' అనే రోగం పేరును అమెరికా మానసిక వైద్యులు వాళ్ల రోగాల పుస్తకంల కెళ్లి తీసేసింది 1980లోనే. మా ఊళ్లె "ఆడోళ్ల పిచ్చి" అనేటోళ్లు ఇంకా ఉన్నరు, వాళ్లకు పుస్తకంతోని పనిలేదు.

2023 మార్చి 8న కరీంనగర్‌ల మొదలైన సర్కారు ఆరోగ్య మహిళ క్లినిక్కులు మంగళవారాలకు పెట్టినయి. మీ దగ్గరి దవాఖానల ఉన్నదా ముందే కనుక్కోండ్రి. ఏం చూస్తరో ఆమెకు ఇంట్లనే చెప్పాలె: కేన్సర్ గుర్తులున్నయా అని గర్భసంచి మూతికి వెనిగర్ అసోంటి మందు దూదితో అద్ది ఒక నిమిషం చూస్తరు. తెల్లమచ్చ తేలితే ఇంకో పరీక్ష రాస్తరు. అది చూసుడే, కోసుడు కాదు.

ముట్టాగి ఏడాది దాటినంక చుక్క నెత్తురు కనబడ్డా మంగళవారం దాక ఆగొద్దు.

ఇగ అసలు భయం. "సంచి తీసేస్తే పీడ పోతది" అని అత్తమ్మనే అంటది. నా లెక్కల అది సిగ్గుతోని వచ్చే మాట. తెల్లబట్ట చాలావరకు మందులతోనే తగ్గుతది, జారినదానికి లోపల పెట్టే రింగులున్నయి. సరిగ చూడకుండనే ఎవరన్న "తీసేద్దాం" అంటే, స్కానింగ్ కాయితాలు అడిగి తీసుకొని హన్మకొండ ప్రసూతి దవాఖానలనో, వరంగల్ సీకేఎం సర్కారు దవాఖానలనో ఇంకో డాక్టరమ్మకు చూపియ్యుండ్రి. అండాశయాలు ఉంచుతరా అని అడగుండ్రి, 45 ఏండ్లలోపు అవి తీస్తే ఎముకలు తొందరగ గుల్లబారుతయి. నిజంగ ఆపరేషనే కావాలంటే చేపియ్యాల్సిందే.

వాడకట్టోళ్లకు ఏం చెప్పాలో ఆమెకే ఇడిసిపెట్టుండ్రి. "షుగరు చూపిచ్చుకొచ్చిన" అంటే, మీరు గూడ షుగరే అనుండ్రి.