జీవిత భాగస్వామిలో చూడవలసిన గుణాలు, వాటిని గుర్తించే విధానం

పెళ్లి గురించి గానీ, పెళ్లి దాకా తీసుకువెళ్లాలనుకునే ప్రేమ గురించి గానీ ఆలోచిస్తున్నవారు ముందుగా ఒక కాగితం తీసుకొని, తమకు కాబోయే మనిషిలో ఏమేం ఉండాలని కోరుకుంటున్నారో దాపరికం లేకుండా రాసుకోవాలి. ఎత్తు, రంగు, చదువు, ప్యాకేజీ, కులం, మియాపూర్‌లో సొంత ఫ్లాటు, మాటకారితనం, ఒకే హీరో మీద అభిమానం, ఏది తోస్తే అది రాయవచ్చు. రాయడం పూర్తయ్యాక, బయోడేటా చదివితేనో, మొదటి గంట పరిచయంలోనో తెలిసిపోయే వాటన్నిటినీ కొట్టివేయాలి. చాలామంది కాగితాల మీద అప్పటికి రెండు మూడు మాటలకు మించి మిగలవు. దయ, ఓర్పు, నమ్మకం వంటి ఆ మాటలే అసలైనవి. అయితే వాటిని ఎదుటి మనిషిలో ఎలా గుర్తుపట్టాలో మనకు ఎవరూ నేర్పలేదు.

కోరుకోవడానికీ గుర్తుపట్టడానికీ మధ్య దూరం చాలా ఉంది. డేవిడ్ బస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1989లో మన దేశంతో సహా 33 దేశాల ప్రజల అభిప్రాయాలు సేకరించి ప్రచురించినప్పుడు, దయ, అర్థం చేసుకునే స్వభావం అనేవి స్త్రీలూ పురుషులూ కూడా పైవరుసలో ఉంచిన కోరికలుగా తేలాయి. కానీ కాగితం మీద కోరుకున్న గుణాలకూ, ఎదురుగా కూర్చున్న మనిషి మీద కలిగే ఆకర్షణకూ పెద్దగా పొంతన ఉండదని 2008లో ఈస్ట్‌విక్, ఫింకెల్ చేసిన అధ్యయనం చూపింది. 2020లో సమాంతా జోయెల్ తదితరులు 43 అధ్యయనాల నుంచి 11,196 జంటల సమాచారాన్ని ఒకచోట చేర్చి పరిశీలించారు. భాగస్వామి వ్యక్తిగత లక్షణాల కంటే, వారిద్దరి మధ్య నడుస్తున్న వ్యవహారమే ఆ బంధంలోని సంతృప్తిని ఎక్కువగా సూచించిందని అందులో వెల్లడైంది. ఎదుటివారు ఈ బంధానికి కట్టుబడి ఉన్నారన్న భరోసా, తన విలువను గుర్తిస్తున్నారన్న భావన, దాంపత్య సుఖం, తరచూ తగాదాలు లేకపోవడం వంటివి ఆ వ్యవహారంలో ముఖ్యమైనవి. కనుక "ఇతను ఎలాంటివాడు" అని ఊళ్లో విచారించడంతో పాటు, "ఇతను నాతో ఎలా ఉంటున్నాడు, ఇతని దగ్గర నేను ఎలా ఉంటున్నాను" అని కూడా ప్రశ్నించుకోవాలి. అమ్మాయిని చూస్తున్న అబ్బాయికీ ఇదే వర్తిస్తుంది.

అన్నిటికంటే ముందు చూడవలసింది, మీరు "వద్దు" అన్నప్పుడు ఆ మనిషి ఏం చేస్తారన్నది. ఒక్క గుణమే చూసే అవకాశం ఉందని ఎవరైనా నన్ను అడిగితే దీన్నే చూడమంటాను. ఇందుకోసం పరీక్షలు కల్పించనవసరం లేదు. రోజువారీ జీవితంలో అవకాశాలు వాటంతట అవే వస్తాయి. శనివారం సాయంత్రం ట్యాంక్‌బండ్‌కు వెళ్దామంటే అలసటగా ఉంది, రాలేనంటారు. ఫోటోను స్టేటస్‌లో పెట్టవద్దంటారు. ఫోన్ పాస్‌వర్డ్ చెప్పనంటారు. మొదటిసారి దాదాపు అందరూ మర్యాదగానే ఒప్పుకుంటారు కాబట్టి, ఒక్క సంఘటనతో నిర్ణయానికి రాకూడదు. ఐదారు సందర్భాల తరువాత ఒక తీరు కనిపిస్తుంది. కొందరు కాస్త నిరాశపడి, అంతలోనే వేరే విషయంలోకి వస్తారు. కొందరు రెండు రోజులు మాట్లాడకుండా ఉండి, మీరే బతిమాలుకునే దాకా తీసుకువస్తారు. మరికొందరు మీరు చెప్పిన కారణాన్ని న్యాయవాదిలా ఖండిస్తూ పోతారు. ఇంకొందరు అప్పటికి సరేనని, గంట తరువాత అదే కోరికను మరో రూపంలో ముందుకు తెస్తారు. వీరిలో మొదటివారితోనే జీవితం సుఖంగా సాగుతుంది.

ఈ విషయంలో నేను స్వయంగా పొరపడ్డాను. మా బంధువుల అమ్మాయి గచ్చిబౌలిలో రాత్రి షిఫ్టులో పనిచేస్తున్న రోజుల్లో, ఆమెను ప్రేమించిన అబ్బాయి తెల్లవారుజామున వచ్చి ఆమెను హాస్టల్ దగ్గర దింపి వెళ్లేవాడు. ఎండా వానా చూడని అతని శ్రద్ధను మేమంతా మెచ్చుకున్నాం. ఒక రోజు ఆమె తోటి ఉద్యోగినులతో కలిసి ఆఫీసు క్యాబ్‌లో వస్తానని చెబితే, అతను మూడు రోజులు ఫోన్ ఎత్తలేదు. ఆ సంగతి ఆమె నాకు చెప్పినప్పుడు "ఎంత ప్రేమో చూడు" అన్నాను. పెళ్లయిన రెండేళ్లకు ఆమె ఉద్యోగం మానేసింది, స్నేహితురాళ్లతో మాట్లాడడమూ మానేసింది. ఆ మూడు రోజుల మౌనాన్ని నేను సరిగ్గా చదవలేకపోయినందుకు ఇప్పటికీ బాధపడుతున్నాను.

రెండో గుణం, తగాదా తరువాత తిరిగి దగ్గరకు రాగలగడం. ఎన్నడూ పోట్లాడుకోలేదని చెప్పుకునే జంటను చూసి ముచ్చట పడనవసరం లేదు. అసలు విషయాలు వారి మధ్య ఇంకా చర్చకు రాలేదేమో. దంపతులను దశాబ్దాల పాటు పరిశీలించిన జాన్ గాట్‌మన్, భార్యాభర్తల మధ్య విభేదాల్లో సుమారు 69 శాతం ఎప్పటికీ పూర్తిగా పరిష్కారం కానివేనని అంటారు. మరి తగాదా తీరకపోయినా సంసారం సాగుతుందంటే, పోట్లాడుకున్న తీరులో ఏదో మర్యాద ఉందన్నమాట. తేలికభావం, అంటే ఎదుటివారిని తన కంటే తక్కువగా చూసే ధోరణి, బంధానికి అన్నిటికంటే ఎక్కువ చేటు చేస్తుందని కూడా ఆయన చెప్పారు. హైదరాబాద్‌లో దీన్ని గుర్తించడానికి ఒక సులువైన చోటు ఉంది. ఇక్కడ కరీంనగర్ అమ్మాయి, గుంటూరు అబ్బాయి ఒకే ఆఫీసులో కలుసుకుంటారు. ఒకరి యాసను మరొకరు సరదాగా అనుకరించుకోవడంలో తప్పులేదు. కానీ "నలుగురిలో అలా అనవద్దు, నాకు నొప్పిగా ఉంది" అని చెప్పిన తరువాత కూడా మీ మాట తీరునో, మీ ఊరినో, మీ నాన్నగారి వృత్తినో చూపించి నవ్వించే మనిషి, పెళ్లయ్యాక మీ వంటనూ, మీ జీతాన్నీ, మీ పెంపకాన్నీ అలాగే నవ్వులపాలు చేస్తారు.

క్షమాపణ చెప్పే పద్ధతిని కూడా గమనించాలి. "నేను ఆ మాట అనకుండా ఉండవలసింది" అనేవారు తమ తప్పును చూశారు. "నువ్వు బాధపడి ఉంటే సారీ" అనేవారు మీ బాధనే తప్పుగా లెక్కిస్తున్నారు. మీ వంతు కూడా చూసుకోవాలి. మీరు చివరిసారి మొదటి పద్ధతిలో ఎప్పుడు క్షమాపణ అడిగారో గుర్తు తెచ్చుకోవడం మంచిది.

నిలకడ మూడోది. వానాకాలంలో పంజాగుట్ట దగ్గర గంటసేపు కారు కదలనప్పుడు ఆ కోపం ఎవరి మీదకు మళ్లుతుందో చూస్తే సగం తెలుస్తుంది. హోటల్లో సర్వర్‌తో మర్యాదగా మాట్లాడడాన్ని మాత్రం నేను పెద్ద రుజువుగా తీసుకోను, ఎందుకంటే మీరు పక్కన ఉన్నారన్న ఎరుకతో అది ఎవరైనా చేయగలరు. ఇంట్లో తల్లితోనో, తమ్ముడితోనో, ఎవరూ వినడం లేదనుకొని ఫోన్‌లో మాట్లాడే గొంతు ఎక్కువ నిజం చెబుతుంది. నిలకడ అంటే దిగులే లేకపోవడమని అనుకోకూడదు. దిగులు వచ్చినప్పుడు డాక్టరు దగ్గరకు వెళ్లి, చెప్పిన వైద్యం చేయించుకుంటూ, ఆ సంగతి మీతో దాచకుండా చెప్పిన మనిషిని నేను నిస్సంకోచంగా నిలకడ ఉన్నవారిగానే లెక్కిస్తాను.

డబ్బు విషయంలో జీతం ఎంతో తెలుసుకోవడం కంటే, ఈఎంఐలు, అప్పులు, ఊరికి పంపే మొత్తం గురించి అడిగినప్పుడు నిజం చెబుతారా లేదా అన్నదే చూడాలి.

నాలుగో గుణాన్ని మన పెళ్లిళ్లలో చాలా ఆలస్యంగా గుర్తిస్తాం. సొంత ఇంటివారి ముందు మీ తరఫున మాట్లాడగలరా? "నాకు కట్నం వద్దు, కానీ అమ్మావాళ్లు అడుగుతారు" అనే మాట మృదువుగానే వినిపిస్తుంది. 1961 నాటి వరకట్న నిషేధ చట్టం ప్రకారం ఇవ్వడమూ తీసుకోవడమూ రెండూ నేరాలే అయినప్పుడు, ఆ మాట అన్న మనిషి చట్టం అండ ఉన్న సంగతిని కూడా ఇంట్లో చెప్పలేకపోతున్నారని అర్థం. కులం గానీ మతం గానీ వేరైన జంటల్లో "సమయం చూసి చెబుతాను" అన్న మాట మూడేళ్లు గడిచినా మారకపోవడం చూస్తుంటాం. ఏం చెబుతారని అడిగే బదులు ఇప్పటివరకు ఏం చెప్పారో అడగాలి. 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కింద పెళ్లి చేసుకోవాలంటే 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, అది కార్యాలయంలో అందరికీ కనిపించే చోట అంటిస్తారు. అంతవరకు ఇంట్లో నోరు విప్పని మనిషి, ఆ 30 రోజుల్లో ఒత్తిడి వస్తే మీ పక్కన నిలుస్తారని నమ్మడం కష్టం.

కొట్టడం, బెదిరించడం, ఫోన్ ద్వారా ఎక్కడున్నారో నిఘా పెట్టడం వంటివి కనిపించినప్పుడు గుణాల పరిశీలన అక్కడితో ఆపి, సురక్షితంగా బయటపడాలి. మహిళలకు సహాయం కోసం 181 నంబరు ఉంది; హైదరాబాద్ నగరంలో 2014 నుంచి పనిచేస్తున్న షీ టీమ్స్ అనే పోలీసు బృందాలను కూడా సంప్రదించవచ్చు.

పెద్దలు కుదిర్చిన సంబంధాల్లో ఇంత గమనించే వ్యవధి ఎక్కడుందని అడగవచ్చు. పెళ్లిచూపులకు, నిశ్చితార్థానికి మధ్య కనీసం నాలుగు సార్లు కలుసుకుంటామని ఇద్దరూ తమ ఇళ్లలో గట్టిగా చెప్పాలి. నాలుగూ కాఫీ షాపులోనే జరిగితే ప్రయోజనం తక్కువ. ఒకసారి కేబీఆర్ పార్కులో ఫోన్లు పక్కన పెట్టి నడవాలి. ఒకసారి సుల్తాన్ బజార్ రద్దీలోనో, జనవరిలో అయితే నాంపల్లి నుమాయిష్‌లోనో, ఏదైనా వస్తువు కొనే పని పెట్టుకొని తిరగాలి. ఆకలి, అలసట, బేరం, ఎవరి మాట చెల్లుతుందన్న సంగతి అన్నీ అక్కడ ఒకేసారి బయటపడతాయి. ఒకసారి ఎదుటివారి స్నేహితులతో కూర్చోవాలి. చివరిసారి ఇద్దరే కూర్చొని, పిల్లల గురించి, తల్లిదండ్రుల బాధ్యత గురించి, పెళ్లయ్యాక ఇద్దరి ఉద్యోగాల గురించి అడిగిన తరువాత, "ఈ మధ్య మీరు ఎవరికి క్షమాపణ చెప్పారు, ఎందుకు?" అని అడగాలి. ఎవరికీ చెప్పవలసిన అవసరం రాలేదన్న జవాబు వస్తే, తొందరపడి తేదీ ఖాయం చేయకుండా ఐదోసారి కలవాలి.