షూ కరుస్తోందా? ముందు సైజు, తర్వాత లేసు

కొత్త చెప్పు కరిస్తే నాలుగు రోజులు ఓర్చుకోమంటారు పెద్దవాళ్లు. తోలు సాగుతుంది కాబట్టి చెప్పుల విషయంలో అది నిజమే. రన్నింగ్ షూ అలా కాదు. కొట్లో నొక్కిన చోటే ఐదో కిలోమీటరులోనూ నొక్కుతుంది, ఇంకాస్త గట్టిగా.

బొటనవేలి గోరు నల్లబడింది

షూ పొట్టిదైంది. పరిగెత్తేటప్పుడు పాదం ఉబ్బుతుంది, పల్లంలో ముందుకి జారుతుంది. అడుగడుక్కీ గోరు వెళ్లి షూ ముక్కుకి కొట్టుకుని, కింద రక్తం గడ్డకడుతుంది. ఆఫీసు బూట్లు 8 కదా అని నేను ఇవీ 8 సైజే కొన్నాను. రెండు నెలలకి గోరు ఊడింది, కొత్తది పూర్తిగా రావడానికి ఏడాది పట్టింది. ఇప్పుడు 9 వేస్తున్నాను.

కొట్టుకి సాయంత్రం వెళ్లండి, అప్పటికి పాదాలు కాస్త ఉబ్బి ఉంటాయి. పరుగుకి వేసుకునే సాక్సే వేసుకెళ్లండి. రెండు పాదాలూ ఒకే కొలత ఉండవు కాబట్టి పెద్దదాన్ని బట్టి తీసుకోండి. లేచి నిలబడితే, పొడుగు వేలి ముందు బొటనవేలి వెడల్పంత ఖాళీ మిగలాలి. కొందరికి రెండో వేలే పొడుగు. మెట్టెల వేలు పొడుగైతే మొగుణ్ణి ఏలుతుందంటారు. షూ సైజుని మాత్రం కచ్చితంగా ఏలుతుంది.

చిటికెన వేలు ఒరుసుకుంటోంది, వేళ్లు తిమ్మిరెక్కుతున్నాయి

ఇక్కడ తక్కువైంది వెడల్పు. లోపలి ఇన్‌సోల్ బయటికి తీసి దాని మీద నిలబడండి. వేలు అంచు దాటితే ఆ షూ మీది కాదు. సైజు పెంచితే మడమ వదులవుతుంది, అందుకని వెడల్పు ఫిట్టింగ్ అడగండి. మగవాళ్ల షూల్లో మామూలుది డి, వెడల్పుది 2ఈ, ఇంకా వెడల్పుది 4ఈ. షూ విప్పాక కూడా తిమ్మిరి పోకపోతే తప్పు షూది కాకపోవచ్చు, షుగర్ పరీక్ష చేయించుకోండి.

మడమ లేస్తోంది, వెనక బొబ్బ

లేసు ఎక్కించకుండా అందరం వదిలేసే పైచివరి కన్నం ఉంది చూశారా, అది ఇందుకే. లేసు కొసని అదే వైపునున్న ఆ కన్నంలోకి దూర్చి, చిన్న ఉచ్చులా వదలండి. రెండో వైపూ అంతే. కుడి కొసని ఎడమ ఉచ్చులోంచి, ఎడమ కొసని కుడి ఉచ్చులోంచి తీసి, కిందికి లాగి ముడేయండి. మడమ కదలదు.

మొదట్లో బాగుండేవి, ఇప్పుడు పిక్కలు, మోకాళ్లు లాగుతున్నాయి

పరుగు ఒక్కసారిగా పెంచలేదంటే, సోల్‌లో ఫోమ్ చచ్చిపోయి ఉంటుంది. మామూలుగా 500 నుంచి 800 కిలోమీటర్లు వస్తుంది. రోజూ 5 కిలోమీటర్లంటే మూడు నాలుగు నెలలు, మహా అయితే ఐదు. పైకి కొత్తవాటిలాగే ఉంటాయి, అందుకే మోసపోతాం. కొన్న రోజే షూ నాలుక వెనక పెన్నుతో తేదీ రాసుకోండి.