ఇంటి షట్టర్ స్ప్రింగ్ విరిగినప్పుడు చేయవలసిన పనులు, చేయకూడని పనులు

నెల్లూరులోనూ ఒంగోలులోనూ కింది అంతస్తును కారు షెడ్డుకు వదిలి కట్టుకున్న ఇళ్లలో చాలా వాటికి దుకాణాలకు వేసే ఇనుప రోలింగ్ షట్టరే తలుపుగా ఉంటుంది. దాని స్ప్రింగ్ విరిగిన రోజున కొందరు మిగిలిన స్ప్రింగుల మీద భరోసా ఉంచి షట్టర్‌ను బలవంతంగా ఎత్తుతారు. మరికొందరు నిచ్చెన వేసుకొని పైనున్న రేకు పెట్టె విప్పుతారు. రెండూ ప్రాణం మీదికి తెచ్చే పనులే. ఇంటివారు చేయవలసింది షట్టర్‌ను కదలకుండా నిలపడం, లోపాన్ని కింద నుంచే పోల్చుకోవడం, షట్టర్ పనివారు వచ్చాక పని సక్రమంగా జరిగేలా దగ్గరుండి చూసుకోవడం. స్ప్రింగ్ విప్పడం, బిగించడం మాత్రం అనుభవం ఉన్నవారికే వదిలిపెట్టాలి.

అలా ఎందుకు అంటున్నానో తెలియాలంటే పైన ఏముందో తెలియాలి. గోడకు రెండు వైపులా బిగించిన బ్రాకెట్ల మీద ఒక ఇనుప పైపు ఉంటుంది. చేత్తో ఎత్తి దించే షట్టర్లలో ఆ పైపు తిరగదు. దాని మీద కూర్చున్న గుండ్రని డబ్బాలు తిరుగుతాయి. ఒక్కొక్క డబ్బాలో పాతకాలపు గోడ గడియారంలోని కీ స్ప్రింగు మాదిరిగా చుట్టలు చుట్టుకున్న ఉక్కు బద్ద ఒకటి ఉంటుంది. దాని లోపలి కొస పైపుకు, బయటి కొస డబ్బాకు పట్టి ఉంటాయి. షట్టర్‌ను కిందికి లాగినప్పుడు ఈ బద్ద బిగుసుకుంటుంది, ఎత్తేటప్పుడు ఆ బిగువే బరువును మోస్తుంది. కాబట్టి షట్టర్ పూర్తిగా మూసి ఉన్నప్పుడే పైనున్న స్ప్రింగులలో బలం అత్యధికంగా నిలవ ఉంటుంది. ఒకటి విరిగినా పక్కది బిగువుగానే ఉంటుందన్న సంగతి మరచిపోకూడదు.

ఆ స్ప్రింగులు ఎంత బరువు మోస్తున్నాయో లెక్క వేసుకోవచ్చు. పది అడుగుల వెడల్పు, ఎనిమిది అడుగుల ఎత్తు ఉన్న షట్టర్‌కు 1.2 మిల్లీమీటర్ల మందం గల రేకు వాడితే, ఒకదానికొకటి తగిలించిన రేకు పట్టీల వంపులలో పోయే అదనపు రేకును వదిలేసినా అది దాదాపు 70 కిలోలు తూగుతుంది. కింది బాటం ప్లేటు, తాళం కడ్డీలు దీనికి అదనం. నిన్నటిదాకా ఇంటి ఆడవాళ్లు ఒంటిచేత్తో ఎత్తిన షట్టర్ ఈరోజు ఇద్దరు మగవాళ్లకు కూడా లొంగకపోవడానికి కారణం ఇదే.

ముందుగా లోపం స్ప్రింగ్‌దా, కాదా అన్నది తేల్చుకోవాలి. పైపెట్టెలో నుంచి ‘ఠప్’మని పెద్ద చప్పుడు వచ్చి, ఆ వెంటనే షట్టర్ బరువెక్కితే అనుమానించవలసిన పని లేదు. చప్పుడు ఎవరూ వినకపోయినా, సగం ఎత్తిన షట్టర్ నిలబడకుండా దానంతట అదే కిందికి జారుతున్నా, ఒక పక్క లేచి రెండో పక్క వెనకబడుతున్నా స్ప్రింగ్ విరిగి ఉండాలి, లేదా దాని కొస కొక్కెం నుంచి ఊడి ఉండాలి. అలా కాక, బరువు మామూలుగానే ఉండి, ఎప్పుడూ ఒకే చోట రాసుకుంటూ ఆగిపోతుంటే అది షట్టర్ అంచులు జారే పక్క గాడి, అంటే గైడ్ చానెల్, వంగడం వల్లనో, అందులో మట్టి పేరుకోవడం వల్లనో వచ్చిన ఇబ్బంది. దానికి స్ప్రింగ్ మార్పించడం దండగ. పరీక్ష కోసమని మళ్లీ మళ్లీ ఎత్తి దించవద్దు. ఒకసారి తెలిసిందంటే చాలు.

షట్టర్ మూసి ఉండగా విరిగిందనుకుందాం. ఇది కొంత మేలైన పరిస్థితి. తాళం వేసి, పనివారు వచ్చేదాకా అలాగే వదిలేయండి. మోటారు ఉన్న షట్టర్ అయితే మెయిన్ స్విచ్ ఆపివేసి, రిమోట్‌ను పిల్లలకు అందకుండా దాచాలి. స్ప్రింగ్ సాయం లేకుండా మోటారు ఒక్కటే బరువంతా లాగితే అదీ కాలిపోతుంది. లోపల చిక్కిన కారు తప్పనిసరిగా బయటికి రావాలంటే కనీసం నలుగురు కావాలి. ఇద్దరేసి చొప్పున రెండు కొసల దగ్గర నిలబడి, బాటం ప్లేటు కింద చేతులు పెట్టి, ఒకరి మాట మీద అందరూ సమంగా ఎత్తాలి. వేళ్లు పట్టీల సందుల్లోకి ఎంతమాత్రం పోకూడదు, ఎందుకంటే షట్టర్ జారిన క్షణంలో ఆ సందులు మూసుకుంటాయి. కావలసిన ఎత్తుకు రాగానే రెండు కొసల కిందా గట్టి ఆసరా నిలపాలి. స్లాబు సెంట్రింగ్‌కు వాడే సరుగుడు బాదులు మన వైపు ఏ ఇల్లు కడుతున్న చోటనైనా దొరుకుతాయి. తలుపు ఎత్తుకు సరిపోయే నిటారైన రెండు బాదులు తెచ్చి, అడుగున జారకుండా చెక్క ముక్క వేసి నిలపండి. దానితో ఆగకుండా, బాటం ప్లేటుకు సరిగ్గా కింద గైడ్ చానెల్‌కు రెండు వైపులా సి-క్లాంపులు (మర తిప్పి బిగించే ఇనుప పట్లు) బిగించండి. బాదు తన్నుకుపోయినా క్లాంపు ఆపుతుంది. ఇవన్నీ అయ్యాకే కారు కదలాలి.

షట్టర్ ఎత్తి ఉండగా విరిగితే ప్రమాదం ఎక్కువ. ఏ ఘడియకు కిందికి దిగుతుందో చెప్పలేము. దాని కింద నుంచి ఎవరూ రాకపోకలు సాగించకుండా, పిల్లలనూ పెంపుడు జంతువులనూ దూరంగా ఉంచి, మనం పక్కన నిలబడే బాదులు ఆనించాలి తప్ప కింద నిలబడి కాదు. రాత్రికి మూయక తప్పదనుకుంటే పనివారు ఉండగానే, నలుగురి పట్టులో, నెమ్మదిగా దించాలి.

ఈ మధ్య కొన్ని పెద్ద ఇళ్లకు పలకలు పలకలుగా పైకప్పు కిందికి జరిగే గ్యారేజ్ తలుపులు వేయిస్తున్నారు. వాటిలో చాలా వాటికి తలుపు పైన ఇనుప కడ్డీ మీద పొడుగాటి చుట్ట స్ప్రింగ్ ఉంటుంది. విరిగితే చుట్టల మధ్య ఎడం కింద నుంచే కనిపిస్తుంది. ఇవి సాధారణంగా 10,000 సార్లు తెరిచి మూయడానికి సరిపోయేలా తయారవుతాయి కనుక, రోజుకు నాలుగుసార్లు వాడే ఇంట్లో ఏడేళ్లలోపే మార్చవలసి రావచ్చు. వీటిని విప్పడం రోలింగ్ షట్టర్ కంటే కూడా ప్రమాదకరం. తలుపు వేసిన సంస్థ వారినే పిలవాలి.

పనివారు వచ్చాక చూసుకోవలసినవి కొన్ని ఉన్నాయి, వీటిలోనే ఎక్కువమంది మోసపోతారు. విరిగిన స్ప్రింగ్‌ను వెల్డింగ్ చేసి అతికిస్తామంటే ఒప్పుకోవద్దు. గట్టిపరచిన ఉక్కుకు వెల్డింగ్ వేడి తగిలితే ఆ చోటు పెళుసుబారుతుంది, దాని పక్కన స్ప్రింగ్ గుణం పోతుంది, కొద్ది రోజులకే మళ్లీ విరుగుతుంది. కొస మాత్రమే తెగితే దానిని కాల్చి కొత్త కొక్కెం వంచడం కొందరి పద్ధతి. స్ప్రింగ్ కొత్తదైతే అది పనికిరావచ్చు గాని, ఏళ్ల తరబడి వాడి తుప్పు పట్టిన దానికి ఆ కష్టం వృథా అని నా అభిప్రాయం. ఒకటి విరిగిందంటే దానితోపాటు వేసినవన్నీ అంతే అలసి ఉంటాయి, కాబట్టి అన్నిటినీ ఒకేసారి మార్పించడమే మంచిది. కొత్తవి పాతవాటి వెడల్పుకు, మందానికి, పొడవుకు సరిపోవాలి. పాత ముక్కను దుకాణానికి తీసుకువెళ్లి పక్కపక్కన పెట్టి చూడమనండి.

అన్నిటికంటే ప్రమాదకరమైన ఘట్టం బిగువు ఎక్కించడం. బ్రాకెట్ దగ్గరి క్లాంపు వదులు చేసి, పైపు రెంచితో పైపును తిప్పుతూ, కావలసినన్ని చుట్లు రాగానే మళ్లీ బిగిస్తారు. ఆ మధ్యలో రెంచి జారితే పైపు ఒక్కసారిగా వెనక్కి గిర్రున తిరిగి, రెంచి పిడి అడ్డం వచ్చిన చేతిని గాని దవడను గాని విరగ్గొడుతుంది. అందుచేత ఒక్కరే వచ్చి చేస్తామంటే వద్దనండి. ఒకరు రెంచి పట్టుకుంటే మరొకరు క్లాంపు బిగించాలి. నిచ్చెన బదులు సారువ కట్టించండి. ఆ సమయంలో ఇంటివారు ఎవరూ దగ్గర ఉండకూడదు.

డబ్బు ఇవ్వకముందు పరీక్షించండి. మోకాలి ఎత్తున, నడుము ఎత్తున, ఛాతీ ఎత్తున ఆపి చూడండి. నడుము ఎత్తున వదిలిన షట్టర్ దాదాపు అక్కడే నిలవాలి. పైకి ఎగిరిపోతే బిగువు ఎక్కువైనట్టు, జారితే చాలనట్టు.

మన ప్రాంతంలో స్ప్రింగులకు ముఖ్య శత్రువు తుప్పు. మైపాడు, కొత్తపట్నం వంటి తీరపు ఊళ్లలో ఉప్పుగాలి ఏడాది పొడుగునా తగులుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు దానికి తోడవుతాయి. అందువల్ల వానలకు ముందు సెప్టెంబరులో ఒకసారి, వేసవికి ముందు ఒకసారి పనివారితో పైపెట్టె తెరిపించి స్ప్రింగులకు గ్రీజు పెట్టించాలి. గైడ్ చానెల్‌లో మాత్రం గ్రీజు పూయవద్దు. చీమకుర్తి గ్రానైట్ క్వారీల చుట్టుపక్కల ఉండేవారికి ఇది మరీ ముఖ్యం, ఎందుకంటే రాతిపొడి గ్రీజుకు అంటుకొని పట్టీల అంచులను అరగదీస్తుంది. పొడిగుడ్డతో తుడిచి, కొవ్వొత్తి మైనం రుద్దితే చాలు. షట్టర్‌ను ఒక పక్క పట్టుకొని లాగకుండా మధ్యలో రెండు చేతులతో పట్టుకోవడం, పైకి వెళ్లేటప్పుడు ధడాలున వదలకుండా చివరిదాకా చేయి ఆనించి ఉంచడం ఇంట్లో అందరూ అలవాటు చేసుకోవాలి.

స్ప్రింగ్ మార్చిన తేదీ, స్ప్రింగుల సంఖ్య, వాటి వెడల్పు, మందం, ఎక్కించిన చుట్లు ఎన్నో షెడ్డు లోపలి గోడ మీద పెయింటుతో రాయించండి. తర్వాత వచ్చే పనివారు పైపెట్టె విప్పకముందే సరైన స్ప్రింగులు వెంట తెచ్చుకోగలుగుతారు.