ల్యాన్‌లో మల్టీమీటర్ ఆదేశం వింటుంది, జవాబివ్వదు: నా అనుభవం

చాలామంది అడుగుతున్న సమస్యే. పైవీసాతో (కొలత పరికరాలతో మాట్లాడే పైథాన్ లైబ్రరీ) మీటర్ 5025 పోర్టుకు సాకెట్ కనెక్షన్ తెరుచుకుంటుంది. *ఆర్ఎస్‌టీ (రీసెట్ ఆదేశం) పంపితే లోపల రిలే టిక్కుమంటుంది కూడా. కానీ *ఐడీఎన్? (మీటర్ వివరాలడిగే ప్రశ్న) అడిగితే టైమౌట్.

కేబుల్ మార్చడం, టైమౌట్ పెంచడం, డ్రైవర్ మళ్లీ వేయడం: ఏదీ పనిచేయలేదు.

జీపీఐబీలో (పరికరాలను కంప్యూటర్‌కు కలిపే పాత కేబుల్ పద్ధతి) సందేశం ముగిసిందని చెప్పడానికి ఈఓఐ అని విడిగా ఒక తీగే ఉంటుంది. యూఎస్‌బీలోనూ ముగింపు గుర్తు వస్తుంది. ముడి సాకెట్‌లో అలాంటిదేమీ లేదు, వచ్చేవి బైట్లు మాత్రమే. జవాబు చివర మీటర్ న్యూలైన్ పెడుతుంది గానీ, అదే ముగింపని పైవీసాకు మనం చెప్పాలి. చెప్పకపోతే జవాబు చేరినా ఇంకా ఏదో వస్తుందని కాచుకుని కూర్చుంటుంది.

ముందు పాత సెషన్ మూసి, కొత్తది తెరిచాను. వెంటనే, ఒక్క ఆదేశం కూడా పంపకముందే, రీడ్ టెర్మినేషన్‌ను (చదివేటప్పుడు ముగింపుగా చూసే గుర్తు) న్యూలైన్‌గా పెట్టాను. రైట్ టెర్మినేషన్‌నూ (పంపే ఆదేశం చివర పెట్టే గుర్తు) అదే చేశాను (అది అవసరమో కాదో గానీ, రెండూ ఒకటిగా ఉంటే నాకు నిశ్చింత). తర్వాత *సీఎల్ఎస్‌తో పాత ఎర్రర్లు తుడిచి *ఐడీఎన్? అడిగాను. తయారీదారు, మోడల్, సీరియల్ నంబర్, ఫర్మ్‌వేర్ కామాలతో సహా వచ్చేశాయి. సిస్టమ్:ఎర్రర్? అడిగితే సున్నా, అంటే ఎర్రర్లేవీ లేవు.

ఇది ముడి సాకెట్ కథ. విఎక్స్ఐ-11 (ల్యాన్‌లోనే పరికరాలతో మాట్లాడే మరో పద్ధతి) వాడేవాళ్ల టైమౌట్‌కు కారణం వేరే అయ్యుండొచ్చు. ఆసిలోస్కోప్ నుంచి వేవ్‌ఫామ్‌ను బైనరీగా తెచ్చుకునేటప్పుడు మాత్రం ఈ సెట్టింగ్‌తో జాగ్రత్త: డేటాలో 10 విలువున్న బైట్ (న్యూలైన్ కోడ్ కూడా అదే) తగిలితే దాన్నే న్యూలైన్ అనుకుని చదవడం మధ్యలో ఆగిపోవచ్చు.