బ్రష్ కట్టర్ అదురుతోందా? ముందు బ్లేడు విప్పి చూడండి

గట్టు మీద గడ్డి కోస్తుంటే హ్యాండిల్ అదిరి చేతులు తిమ్మిరెక్కుతున్నాయంటూ మెషిన్లు వస్తూనే ఉంటాయి. తెచ్చినవాళ్లు బేరింగ్ పోయిందని అప్పటికే తేల్చేసుకుని ఉంటారు. బ్లేడు విప్పి చూశారా అంటే చూడలేదంటారు.

దయచేసి ముందు ఆ పని చేయండి. స్విచ్ ఆపాం కదా అని వదిలేయకండి, స్పార్క్ ప్లగ్ మీదుండే వైరు క్యాప్ పీకి పక్కన పెట్టండి. స్విచ్ వైరు ఊడిపోయిన మెషిన్లు పొలాల్లో చాలానే తిరుగుతున్నాయి, వాటికి స్విచ్ ఆపినా ఒకటే, ఆపకపోయినా ఒకటే. చేతులకు మందపాటి గ్లవ్స్ ఉండాలి.

నట్టు దాదాపు అన్ని మెషిన్లకూ ఎడమ మర. గేర్ బాక్స్ పక్క రంధ్రంలో పిన్ను దూర్చి లాక్ చేసి, నట్టుకు ఎదురుగా చూస్తూ గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితే వదులవుతుంది. రెండో వైపు బలంగా తిప్పి మర చెరిపేసుకున్నవాళ్లు ఎందరో.

బ్లేడు కొత్తదే, అయినా అదురు

నన్ను ఎక్కువసార్లు తిప్పలు పెట్టిన కారణం ఇదే. గేర్ బాక్స్‌కూ బ్లేడుకూ మధ్య ఉండే వాషర్ మధ్యలో చిన్న గుండ్రటి మెట్టు ఉంటుంది. బ్లేడు మధ్య రంధ్రం సరిగ్గా ఆ మెట్టు మీద కూర్చోవాలి. మన దగ్గర దొరికే బ్లేళ్లలో ఎక్కువ వాటికి ఆ రంధ్రం 25.4 మిల్లీమీటర్లు. తుంగ నారో, ప్లాస్టిక్ సంచి పీలికో, ఎండిన మట్టో ఆ మెట్టు చుట్టూ చేరితే బ్లేడు ఓ పక్కకు జరిగి మెట్టు అంచు మీద ఎక్కుతుంది. అలాగే నట్టు బిగించేస్తే చేత్తో కదిపినా కదలదు, చూడ్డానికి బాగానే ఉంటుంది. ఇంజన్ వేగం అందుకున్నాకే అసలు సంగతి తెలుస్తుంది. వాషర్ మెట్టు 20 మిల్లీమీటర్లదైతే ఇంకా ప్రమాదం, బ్లేడు ఎటైనా జారుతుంది.

మెషిన్‌ను తిరగేసి, నట్టు పడే వైపు ఆకాశం చూసేలా పెట్టండి. వాషర్‌ను వైర్ బ్రష్‌తో శుభ్రం చేసి, బ్లేడు దానంతట అదే మెట్టు మీదకు దిగేలా వదలండి. నట్టు పెట్టకముందే బ్లేడును పక్కలకు నెట్టి చూడండి. ఏమాత్రం జరిగినా అది కూర్చోలేదు, లేదా ఆ వాషర్ ఈ బ్లేడుది కాదు. తర్వాత పై వాషర్ పెట్టి బిగించి, లాక్ పిన్ను తీసి, గేర్ బాక్స్ పక్కన ఒక పుల్ల ఆన్చి బ్లేడును చేత్తో మెల్లగా తిప్పండి. ప్రతి పన్ను కొసా పుల్లకు ఒకే దూరంలో పోవాలి.

పదును పెట్టాక మొదలైన అదురు

ఒక పన్ను ఎక్కువ అరిగింది. ఆకురాయితో ప్రతి పన్నుకూ లెక్కపెట్టి ఒకే సంఖ్యలో రుద్దండి. రాయికి తగిలి పగులు కనిపించిన బ్లేడును మాత్రం వెల్డింగ్‌కు ఇవ్వొద్దు, పారేయండి. ఆ ముక్క ఊడితే ఎవరి కాలికి తగులుతుందో చెప్పలేం.

యాక్సిలరేటర్ వదిలినా బ్లేడు తిరుగుతోంది

యాక్సిలరేటర్ వదిలినప్పటి ఇంజన్ వేగాన్ని సరిచేసే ఐడిల్ స్క్రూ తగ్గించండి. అయినా ఆగకపోతే క్లచ్ స్ప్రింగ్ మార్పించాలి.

షాఫ్ట్ వంగడం, బేరింగ్ పోవడం అరుదు. పైవన్నీ చూశాకే వాటి జోలికి వెళ్లండి.

బిగించాక మనుషుల్ని, పశువుల్ని కనీసం 15 మీటర్లు దూరం పంపి సగం వేగంలో నడిపి చూడండి. కాసేపు కోశాక ఇంజన్ ఆపి, క్యాప్ తీసి, నట్టు బిగింపు మరోసారి చూసుకోండి.