ఎండలు ముదరకముందే: రక్తంలో కాల్షియం ఎక్కువున్నవాళ్లకు జాగ్రత్తలు

పోయిన వేసవిలో మా అమ్మ రాత్రిపూట నాలుగైదుసార్లు బాత్రూమ్‌కి లేచేది. లేచినప్పుడల్లా గ్లాసుడు నీళ్లు తాగి పడుకునేది. నోరెండిపోతోందంటే ఎండలు కదా అనుకున్నాం. షుగర్ చూపిస్తే మామూలుగానే ఉంది. తిండి సయించట్లేదన్నా, మలబద్ధకమన్నా, ఒంట్లో ఓపిక లేదన్నా అన్నీ ఎండ మీదకే తోసేశాం. ఒకరోజు తాళంచెవి చేతిలోనే పెట్టుకుని దానికోసం ఇల్లంతా వెతికింది. అప్పుడు భయమేసి రక్తపరీక్షలు చేయిస్తే కాల్షియం 13.4 వచ్చింది.

కారణం మందుల డబ్బాలోనే దొరికింది. వారానికి ఒకటి వేసుకోమన్న ఎక్కువ మోతాదు విటమిన్ డి గుళికను అమ్మ మూడు నెలలుగా రోజూ వేసుకుంటోంది. దానికి తోడు కాల్షియం మాత్ర. గ్యాస్ పట్టినప్పుడల్లా నమిలే బిళ్లలు. చీటీలో వారానికి ఒకటనే స్పష్టంగా రాసి ఉంది, మేమే చూసుకోలేదు. మరో ఇంట్లో ఇలా జరగకూడదనే ఇదంతా రాస్తున్నాను.

ఒంట్లోని కాల్షియంలో 99 శాతం ఎముకల్లోనే ఉంటుంది. రక్తంలో తిరిగేది చాలా కొద్ది. గుండె కొట్టుకోవడానికి, కండరాలు, నరాలు, మెదడు పనిచేయడానికి ఆ కొద్దిపాటి కాల్షియమే ఆధారం. అందుకే అది సాధారణంగా డెసిలీటరుకు 8.5 నుంచి 10.5 మిల్లీగ్రాముల మధ్యే ఉండాలి. ల్యాబ్‌ని బట్టి ఈ అంకెలు కాస్త అటూఇటూ అవుతాయి. 12 లోపు పెరుగుదలను స్వల్పమంటారు, 12 నుంచి 14 వరకు మధ్యస్థం, 14 దాటితే అత్యవసరం. అంకె ఒక్కటే చూసి ఊరుకోకూడదు. కొద్దిరోజుల్లోనే గబగబా పెరిగితే 12 దగ్గరే మనిషి తికమకపడిపోవచ్చు.

కాల్షియం ఎక్కువ కావడానికి మందులొక్కటే కారణం కాదు. చాలామందిలో మెడలో థైరాయిడ్ వెనక ఉండే నాలుగు చిన్న పారాథైరాయిడ్ గ్రంథుల్లో ఒకటి అదుపు తప్పి, హార్మోన్‌ను అవసరానికి మించి వదులుతుంటుంది. కొన్ని క్యాన్సర్లలో కూడా పెరుగుతుంది. ఎక్కువ కేసులకు ఈ రెండే కారణం. అందుకే మాత్రలు ఆపేశాం, తగ్గిపోతుందిలే అని కూర్చోకుండా పారాథైరాయిడ్ హార్మోన్ పరీక్ష తప్పక చేయించుకోవాలి.

ఇక వేసవితో దీనికి సంబంధమేమిటంటే, రక్తంలో కాల్షియం పెరిగితే మూత్రాన్ని చిక్కబరిచే శక్తి కిడ్నీలకు తగ్గిపోతుంది. నీరంతా మూత్రంలో పోతుంది, దాహం వేస్తుంది. ఒంట్లో నీరు తగ్గగానే కిడ్నీలు ఉప్పును పట్టి ఉంచుకోవాలని చూస్తాయి, దాంతోపాటు కాల్షియాన్నీ వెనక్కి లాక్కుంటాయి. దాంతో కాల్షియం ఇంకా పెరుగుతుంది, నీరు ఇంకా పోతుంది. దీనికి ఎండలో చెమట కూడా తోడైతే పది రోజుల్లోనే పరిస్థితి చేయి దాటిపోవచ్చు. మూత్రం తెల్లగానే వస్తోంది కాబట్టి ఒంట్లో నీరు సరిపడా ఉన్నట్టే అనుకుంటారు చాలామంది. కాల్షియం ఎక్కువున్నవాళ్ల విషయంలో ఆ గుర్తును నమ్మకూడదు, నీరు తగ్గిపోతున్నా మూత్రం పలచగానే వస్తుంది. నాలుక పొడిబారుతోందా, లేచి నిలబడితే కళ్లు తిరుగుతున్నాయా అన్నది చూసుకోండి. రోజూ పొద్దున్నే బరువు చూసుకోవడం ఇంకా మంచిది. రెండు మూడు రోజుల్లోనే కిలో, రెండు కిలోలు తగ్గితే అది నీరు పోవడమే కావచ్చు.

నీళ్లు సాధారణంగా రోజుకు రెండు నుంచి మూడు లీటర్లు తాగమంటారు. ఒకేసారి కాకుండా రోజంతా కొద్దికొద్దిగా తాగాలి. గుండె జబ్బు గానీ కిడ్నీ జబ్బు గానీ ఉన్నవాళ్లు మాత్రం ఎంత తాగాలో డాక్టర్‌ని అడిగే మొదలుపెట్టాలి. వాళ్లకు ఎక్కువైనా ప్రమాదమే.

ఎండలు రాకముందే ఒక పూట కూర్చుని ఇంట్లో ఉన్న మాత్రలన్నీ బల్ల మీద పరవండి. ఒకే మందు వేర్వేరు పేర్లతో వచ్చిందేమో చూడండి. కాల్షియం బిళ్లలో విటమిన్ డి ఉంటుంది, మల్టీవిటమిన్‌లోనూ ఉంటుంది, మళ్లీ విడిగా గుళికా ఉంటుంది. గ్యాస్ బిళ్లల మీద కాల్షియం కార్బొనేట్ అని ఉంటే అదీ కాల్షియమే. విటమిన్ డి ఒంట్లోని కొవ్వులో చేరి ఉండిపోతుంది కాబట్టి ఆపేసినా దాని ప్రభావం వారాలు, నెలలు ఉంటుంది. బీపీకి వాడే హైడ్రోక్లోరోథయాజైడ్, క్లోర్‌థాలిడోన్, మానసిక సమస్యలకు వాడే లిథియం కూడా కాల్షియాన్ని పెంచగలవు. అలాగని వాటిని సొంతంగా ఆపకండి, డాక్టర్‌కి చూపించి మార్పించుకోండి. గుండెకు డిగాక్సిన్ వాడుతుంటే ఆ మాట మొదటే చెప్పండి, కాల్షియం ఎక్కువున్నప్పుడు ఆ మందుతో గుండె లయ తప్పే ప్రమాదం ఉంది.

పరీక్షకు వెళ్లేటప్పుడు నీళ్లు తాగే వెళ్లండి. ఒంట్లో నీరు తక్కువున్నా, చేతికి పట్టీ ఎక్కువసేపు బిగించి ఉంచినా కాల్షియం కాస్త ఎక్కువగా కనిపించవచ్చు. దాంతోపాటు రక్తంలో ఉండే ఆల్బుమిన్ అనే ప్రొటీన్ కూడా చూడమని అడగండి. ఆల్బుమిన్ 4 కంటే ఒక గ్రాము తగ్గితే కాల్షియానికి 0.8 కలిపి లెక్కేస్తారు. అంటే రిపోర్ట్‌లో కాల్షియం 10.2 ఉండి ఆల్బుమిన్ 2.5 ఉంటే, అసలు లెక్క 11.4. కాగితం మీద మామూలుగా కనిపించేది మామూలు కాకపోవచ్చన్నమాట. జుట్టుకోసం బయోటిన్ మాత్రలు వాడేవాళ్లు ఆ సంగతి ముందే చెప్పాలి, పారాథైరాయిడ్ హార్మోన్ రిపోర్ట్ తప్పుగా రావచ్చు.

ఎండగా ఉందని రోజంతా మంచానికే అతుక్కుపోవద్దు. కదలిక లేకపోతే ఎముకల్లోంచి కాల్షియం రక్తంలోకి వస్తుంది. చల్లటి వేళల్లో, లేదా ఇంట్లోనే కాసేపు నడవండి.

వాంతులు, విరేచనాలు మొదలై నీళ్లు కడుపులో నిలవకపోతే ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి, తెల్లారేదాకా ఆగొద్దు. మగతగా ఉన్నా, మాట తేడాగా ఉన్నా, గుండె దడదడలాడినా అంతే. అక్కడ ముందు సెలైన్ పెడతారు, అవసరమైతే ఎముకల్లోంచి కాల్షియం రాకుండా ఆపే ఇంజెక్షన్ ఇస్తారు. దాని పూర్తి ప్రభావం కనిపించడానికి రెండు నుంచి నాలుగు రోజులు పడుతుంది. అమ్మకు కూడా మూడో రోజుకే అంకె దిగింది. వెళ్లేటప్పుడు రిపోర్ట్‌లే కాదు, వాడుతున్న మాత్రల అట్టలన్నీ, సగం ఖాళీ అయినవి కూడా, ఒక సంచిలో వేసుకుని తీసుకెళ్లండి.