పాఠం 4: పంజరాలు తీసేశాక అడుగు బురదను చదవడం

కిందటి పాఠంలో గొట్టంతో బురదను పొరలు చెదరకుండా పైకి తీశాం. చేపల పంజరాలు తీసేశాక అడుగు మట్టి ఎంత తేరుకుందో తెలియడానికి, ఇప్పుడు దాన్ని కోసి, కాల్చి అందులోని సేంద్రియ పదార్థం లెక్క కడదాం.

తిరుపతి వైపు వాళ్లకు సముద్రంలోని చేపల పంజరాల కింది మట్టి దొరకడం కష్టం. తడ, సూళ్లూరుపేట వైపు సాగు ఆపేసిన రొయ్యల చెరువులో యజమానిని అడిగి చెయ్యి అలవాటు చేసుకోండి. పులికాట్ అభయారణ్యం హద్దులో మాత్రం అటవీశాఖ అనుమతి లేకుండా పిడికెడు కూడా తీయొద్దు.

ముందు చూడండి, వాసన పట్టండి. నల్లరంగు ఐరన్ సల్ఫైడ్‌ది. కుళ్లిన గుడ్డు వాసన హైడ్రోజన్ సల్ఫైడ్‌ది. పైన దూదిలాంటి తెల్లపొర గంధకపు బ్యాక్టీరియా కావచ్చు. అదుంటే మట్టి ఇంకా తేరుకోనట్టే. చాలామంది పొరపడేది పైన గోధుమరంగు కనబడినప్పుడు. అది కొత్తగా పడిన ఒండ్రు కావచ్చు, పాత మేత, రెట్ట దాని కిందే పూడి ఉండొచ్చు. అందుకే పొరపొరగా కోయాలి.

గొట్టం కిందినుంచి మెల్లగా నెడుతూ 0–1, 1–2, 2–4, 4–6, 6–8, 8–10 సెం.మీ. ముక్కలు కోయండి. గొట్టాన్ని రాసుకున్న అంచు పారేయండి, పైపొర బురద అక్కడ కిందికి ఈడ్చుకుపోయి ఉంటుంది. 105 డిగ్రీల దగ్గర బరువు తగ్గడం ఆగేదాకా ఆరబెట్టి, గవ్వలు ఏరి, నూరండి. 5 గ్రాములు మూసలో (వేడికి తట్టుకునే చిన్న గిన్నెలో) వేసి 450 డిగ్రీల వద్ద 4 గంటలు కాల్చండి. డెసికేటర్‌లోనే (తేమ చేరని మూత పాత్రలోనే) చల్లార్చాలి, లేకపోతే గాలిలోని తేమ పీల్చుకుని బరువు పెరుగుతుంది. 4.62 గ్రాములు మిగిలితే పోయింది 0.38, అంటే 7.6 శాతం సేంద్రియ పదార్థం. వేడి బాగా పెంచితే గవ్వపొడిలోని సున్నం విడిపోయి బొగ్గుపులుసు వాయువు పోతుంది, లెక్క తప్పుతుంది.

ఈ 7.6 ఒక్కటే ఏమీ చెప్పదు. బంకమట్టిలో సేంద్రియం సహజంగానే ఇసుకలో కన్నా ఎక్కువ. సాగు తాకని చోట, అదే లోతులో, అదే రకం మట్టిలో కనీసం మూడు గొట్టాలు తీసి పోల్చండి. మళ్లీ తీసేటప్పుడు అదే నెలలో తీయండి. అక్టోబరు–డిసెంబరు వానలకు ఏర్లు కొత్త ఒండ్రు తెస్తాయి, మార్చి నెల కొలతకు అది పొంతన కాదు.

మేతతో, వలల పూతతో వచ్చిన జింకు, రాగి కుళ్లిపోయేవి కావు. సేంద్రియం తగ్గినా అవి ఉండిపోతాయి, వాటికి వేరే పరీక్ష కావాలి. నీరు బాగా కదిలే చోట మట్టి నెలల్లోనే చాలావరకు తేరుకోవచ్చు, కదలని చోట ఏళ్లు పడుతుంది. పురుగులు, గుల్లలు తిరిగి రావడం తరచు ఇంకా ఆలస్యం.

వచ్చే పాఠం వాటి మీదే. 1 మి.మీ. జల్లెడ, తెల్ల పళ్లెం సిద్ధం చేసుకోండి.